ఉప్పు తగ్గిన పులుసు

మా ఆరోగ్యపు పేజీని నెలనెలా ఓపికతో చదువుతున్న పాఠకుల ముందు ఈసారి ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్నేళ్ళ కిందట ఈ పేజీలోనే మనోవ్యాధుల మందులను గురించి వ్రాస్తూ మేము ఒక ఉపమానం చెప్పాము. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితే దిగులు జబ్బు వస్తుందనీ, పులుసులో ఉప్పు తగ్గితే మరి కాస్త వేసినట్లు మాత్ర ఆ లోటును పూడుస్తుందనీ అన్నాము. వినడానికి అది బాగానే ఉన్నది. బాగున్నదని నలుగురు ఉత్తరాలు కూడా వ్రాశారు. అప్పట్లో మేము చూసిన వ్యాసాలలోనూ, మందుల కరపత్రాలలోనూ ఇంచుమించు ఆ మాటే ఉండేది గనుక మాకూ అనుమానం రాలేదు.

మొన్న ఉగాది కూటమిలో పచ్చడి పంపకం అయి, పిల్లల పద్యాలు అయి, జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి మా దగ్గరకు వచ్చి నిలుచున్నది. "అన్నా, మీరు రాసిండేదే మేము చేస్తిమి. ఉప్పు సరిపోయినాక ఇంకా ఎవురైనా ఏస్తారా?" అన్నది.

సంగతి ఏమనగా, ఆమె పెద్ద కొడుకు ఇరవై నాలుగేళ్ళవాడు, దిగులు జబ్బుకు మాత్రలు వాడుతూ ఉండేవాడు. మూడు నెలలకు మనిషి తేరుకున్నాడు, నవ్వాడు, పనికి పోయాడు. ఇంట్లోవారు మా వ్యాసం చదివి, లోటు పూడింది గదా అని ఒకనాటి నుంచి మాత్ర ఆపేశారు. మూడోనాటికి వాడికి తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్లు జలదరింపులు, నిద్ర లేకపోవడం, ఊరికే కసురుకోవడం. వారం పది రోజులకు అవి సర్దుకున్నవి. చూశారా, ఏమీ కాలేదు అనుకున్నారు. రెండు నెలలు తిరగకుండా పాత దిగులు మళ్ళీ వచ్చి పడింది. పని మానేశాడు. రాత్రిళ్ళు మిద్దె మీదికి పోయి పిట్టగోడ పక్కన కూర్చునేవాడట. తండ్రి నిద్ర మానుకొని మిద్దె మెట్ల మీద చాప వేసుకొని పడుకునేవాడట. ఆ తల్లి మమ్మల్ని నిందించలేదు. నిందించి ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

కాబట్టి ఈ నెల ఆ పాత వ్యాసాన్ని కొట్టివేసి మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నాము. కొంచెం పొడుగు అవుతుంది, ఓర్చుకోవలెను.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నవి. ఒక కణానికీ రెండో కణానికీ మధ్య, కంటికి ఆనని సన్నని సందు ఒకటి ఉంటుంది. ఆ సందును కబురు ఎట్లా దాటుతుంది? విద్యుత్తు నిప్పురవ్వలాగా దుముకుతుందని కొందరు, ఏదో రసాయనం మోసుకుపోతుందని కొందరు చాలాకాలం వాదించుకున్నారు. 1921లో ఆస్ట్రియా దేశంలో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలను తీసుకొని ఒకదాని నాడిని ప్రేరేపించాడు. ఆ గుండె మందగించింది. దానిని తడిపిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు పట్టిస్తే, ఏ నాడినీ ముట్టకుండానే అదీ మందగించింది. అంటే కబురు ఆ ద్రవంలో ఉన్నదన్నమాట. ఈ ప్రయోగం తనకు కలలో తోచిందని ఆయన చెప్పుకునేవాడు. ఒక రాత్రి లేచి కాగితం మీద గీకి పడుకుంటే తెల్లవారి తన వ్రాతే తనకు అర్థం కాలేదనీ, మరునాటి రాత్రి మళ్ళీ అదే కల వస్తే ఈసారి లేచి తిన్నగా ప్రయోగశాలకే పోయాననీ కథ. ఆయనకూ, ఆంగ్లేయుడైన హెన్రీ డేల్‌కూ కలిపి 1936లో నోబెల్ బహుమానం వచ్చింది.

మన యానాం వారికైతే ఈ సంగతి సుళువుగా చెప్పవచ్చును. వంతెన రాకముందు యానాం రేవు నుంచి ఎదుర్లంకకు గౌతమిని పడవ మీదనో పంటు మీదనో దాటేవారు గదా. నాడీకణాల మధ్య సందును ఆ ఏటిపాయ అనుకోండి. ఈ ఒడ్డున పడవల పాక ఉన్నది. కబురు రాగానే పాకలో నుంచి పడవలు బయలుదేరి అవతలి ఒడ్డున తమకు తగిన గుంజలకు కట్టుకుంటవి. పడవ గుంజకు తగలగానే అవతలి కణానికి కబురు ముట్టినట్లు. తరువాత ఆ పడవ అక్కడే ఉండిపోతే రేవు నిండిపోతుంది గనుక, చాలావాటిని ఈ ఒడ్డుకే లాగి మళ్ళీ పాకలో పెడతారు. పాకలోకి చేరనివాటిని కట్టెలు కొట్టే కూలీలు విరగగొట్టేస్తారు. సెరటోనిన్, డోపమిన్, నార్‌అడ్రినలిన్ ఇటువంటి పడవలు. పడవ ఏదైనా గుంజలు మాత్రం అన్నీ ఒకటి కావు. ఒక్క సెరటోనిన్‌కే పదికి పైగా రకాల గుంజలు ఉన్నవి.

మందులలో చాలావరకు ఈ రేవులోనే ఎక్కడో ఒకచోట చెయ్యి పెడతవి. తమాషా ఏమంటే, ఈ రేవు సంగతి తెలిసి ఎవరూ తొలి మందులు చేయలేదు. మందులు ముందు వచ్చినవి, అవి ఎక్కడ చెయ్యి పెట్టినవో వెతుక్కుంటూ పోతే రేవు కనిపించింది.

అందులో మొదటి మందు మన దేశపు వేరే. సర్పగంధ అనే చిన్న మొక్క వేరును ఉన్మాదానికీ, నిద్ర పట్టకపోవడానికీ మన వైద్యులు తరతరాలుగా వాడుతూ వచ్చారు. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అనే ఇద్దరు వైద్యులు ఈ వేరు ఉన్మాదానికీ, రక్తపుపోటుకూ పనిచేస్తున్నదని వ్యాసం ప్రకటించారు. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో రక్తపుపోటు మీద దీని గుణాన్ని బ్రిటిష్ వైద్యపత్రికలో వ్రాసిన పిదపనే పడమటివారికి కన్ను తెరిపిడి పడింది. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే సారం తీశారు. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ మానసిక వైద్యాలయంలోని రోగులకు దానిని ఇచ్చి, అల్లరి తగ్గుతున్నదని చెప్పాడు. ఇప్పుడు మనోవ్యాధులకు దానిని దాదాపు ఎవరూ వాడరు. అయినా శాస్త్రానికి అది చేసిన మేలు చిన్నది కాదు.

రిసర్పిన్ చేసే పని పడవల పాకను పాడుచేయడం. పాక లేకపోతే పడవలు బయటపడి కూలీల చేతికి చిక్కి విరిగిపోతవి. 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ బృందం సెరటోనిన్ అట్లా అడుగంటుతున్నదని కనుగొన్నది. అక్కడ కొంతకాలం పనిచేసి స్వదేశానికి పోయిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయినవి. డోపమిన్‌గా మారే ఎల్‌డోపా అనే పదార్థాన్ని ఎక్కించగానే కాసేపటికి లేచి తిరిగినవి. కదలికకు డోపమిన్ కావాలని లోకానికి తెలిసింది అప్పుడే. వణుకుడు జబ్బు అయిన పార్కిన్సన్ వ్యాధికి నేటికీ వాడుతున్న ముఖ్యమైన మందు ఆ ఎల్‌డోపాయే. కార్ల్‌సన్‌కు నోబెల్ 2000లో గాని రాలేదు.

ఇదే కాలంలో మరొక చిత్రం జరిగింది. 1952 ప్రాంతంలో న్యూయార్కులో ఒక క్షయ ఆసుపత్రిలో ఇప్రోనయజిడ్ అనే క్షయ మందు తీసుకున్న రోగులు వార్డులో హుషారుగా తిరగసాగారు. ఆ మందు కట్టెలు కొట్టే కూలీల చేతులు కట్టేస్తుందని తరువాత తెలిసింది. కూలీలు ఆగితే పడవలు మిగులుతవి. ఇటు రిసర్పిన్ పడవలను తగ్గిస్తే కొందరు దిగులులో పడుతున్నారని రక్తపుపోటు వైద్యులు వ్రాస్తున్నారు. రెండూ కలిపి చూస్తే ఏమనిపిస్తుంది? పడవలు తగ్గితే దిగులు, పెరిగితే హుషారు అని గదా. 1965లో అమెరికా వైద్యుడు షిల్డ్‌క్రాట్ ఈ ఊహను శాస్త్రంగా కూర్చి వ్రాశాడు. ఆయన నార్‌అడ్రినలిన్ అన్నాడు, మరికొందరు సెరటోనిన్ అన్నారు. మా ఉప్పు, మా పులుసు పుట్టింది ఇక్కడే.

అయితే కొన్ని సంగతులు మొదటి నుంచీ ఇందులో ఇమడలేదు. 1955లోనే లండన్‌లో డేవీస్, షెఫర్డ్ అనే ఇద్దరు వైద్యులు దిగులూ ఆందోళనా ఉన్న రోగులకే రిసర్పిన్ ఇచ్చి చూస్తే వారికి మేలు కనిపించింది. లోటు సిద్ధాంతం ప్రకారం వారు ఇంకా కుంగిపోవాలి. ఆ వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ తలుచుకోలేదు. మాకు మరీ ముఖ్యంగా తోచేది ఇంకొకటి. నేడు ఎక్కువగా వాడే ఫ్లుఆక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ వంటి మాత్రలు, పడవలను వెనక్కి లాగే దారిని మూసివేస్తవి. ఆ పని మొదటి మాత్రతోనే కొన్ని గంటలలో మొదలవుతుంది. మనిషికి తెరిపి మాత్రం రెండు, నాలుగు, ఒక్కొక్కరికి ఆరు వారాలకు గాని రాదు. ఉప్పు లోటే అయితే వేసిన పూటనే రుచి రావద్దా?

2022లో లండన్ పరిశోధకులు కొందరు అంతవరకూ జరిగిన పరిశోధనలను వడపోసి, సెరటోనిన్ తగ్గడమే దిగులుకు కారణమనడానికి నిలకడైన సాక్ష్యం లేదని తేల్చారు. దాని మీద వాదోపవాదాలు చాలా జరిగినవి గాని, లోటు మాటను అంత సూటిగా చెప్పే నిపుణులు ఇప్పుడు అరుదు. అంతమాత్రాన మాత్రలు దండగ అనుకోరాదు. తలనొప్పి మాత్ర వేస్తే నొప్పి తగ్గుతుంది, ఒంట్లో ఆ మాత్ర లోటుపడి నొప్పి రాలేదు గదా. 2018లో 21 రకాల దిగులు మందుల మీద జరిగిన 522 ప్రయోగాలను, 1,16,000 మందికి పైగా రోగుల ఫలితాలను కలిపి చూస్తే, అన్ని మందులూ ఉత్తుత్తి మాత్రకంటె మేలుగానే పనిచేసినవి. ఆ మేలు సగటున మధ్యరకం. కొందరికి ప్రాణం పోసినంత, కొందరికి ఏమీ లేదు. రేవులో కొన్ని వారాలపాటు మార్పు జరిగితే మెదడు దానికి తగినట్లు గుంజలను తగ్గించుకొని, కొత్త కొమ్మలు వేసుకొని, నెమ్మదిగా తనను తాను సర్దుకుంటుందనీ, గుణం ఆ సర్దుబాటులో ఉన్నదనీ ఇప్పటి ఊహ. ఈ సర్దుబాటు మాటను గుర్తుంచుకోవాలి. హోసూరు కుర్రవాడి తలలో కరెంటు జలదరింపులకు కారణం అదే. మెదడు ఒక విధంగా సర్దుకున్న తరువాత మాత్రను హఠాత్తుగా లాగేస్తే, ఆనుకున్న గోడ తీసేసినట్లు అవుతుంది. మొదటిసారి జబ్బు అయితే తేరుకున్న తరువాత కూడా కనీసం ఆరు నెలలు, తిరగబెట్టే జబ్బయితే రెండేళ్ళు, అంతకు పైన కూడా వాడమని వైద్యులు చెబుతారు. మానేటప్పుడు కొంచెం కొంచెంగా, వారాలూ నెలలూ పట్టించి తగ్గిస్తారు.

భ్రమలు, ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపించడం ఉండే పెద్ద జబ్బుల మందులు వేరు. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజిన్‌తో వాటికి తెర తీశారు. అవి డోపమిన్ గుంజల మీద తామే ఎక్కి కూర్చుని పడవలను కట్టుకోనివ్వవని కార్ల్‌సన్ 1963లో ఊహించాడు, అది నిజమైంది. ఇక్కడే పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నకు జవాబు ఉన్నది. మందు తలకు గదా, చేతులు ఎందుకు వణుకుతున్నవి, నోరు ఎందుకు ఎండుతున్నది, పెళ్ళికాని పిల్లకు నెలసరి ఎందుకు ఆగింది?

డోపమిన్ ఒక్క వీధిలో నడిచే పడవ కాదు. ఒక వీధిలో అది భ్రమలకు సంబంధించింది, ఇంకొక వీధిలో కదలికకు, మరొక వీధిలో చనుబాలను పుట్టించే హార్మోనును అణచి ఉంచడానికి. మాత్రకు వీధి పేరు తెలియదు, అన్నిచోట్లా గుంజల మీద కూర్చుంటుంది. అందుచేత మొదటి వీధిలో భ్రమ తగ్గితే, రెండో వీధిలో చేతులు బిగుసుకొని వణుకుతవి, మూడో వీధిలో అణచేవాడు లేక పాలు ఊరి, నెలసరి తప్పుతుంది. కొన్ని మందులు దారిలో హిస్టమిన్ గుంజల మీద కూడా కూర్చుంటవి, దానివల్ల మత్తు, ఆకలి, లావెక్కడం. అసిటైల్‌కోలిన్ గుంజల మీద కూర్చుంటే నోరు ఎండడం, మలబద్ధకం. దిగులు మాత్రలకు మొదటి వారంలో కడుపులో దేవినట్లు ఉండడానికి కూడా కారణం ఇటువంటిదే. ఒంటిలోని సెరటోనిన్‌లో సుమారు 90 పాళ్ళు ఉండేది పేగులలోనే.

ఈ బాధలలో ఒకటి మా ఇళ్ళవారికి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తగా మందు మొదలుపెట్టినప్పుడో, మోతాదు పెంచినప్పుడో కొందరికి కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే కూర్చోవాలి. లోపల ఏదో తరుముతున్నట్లు ఉంటుంది. ఇంట్లోవారు జబ్బు ముదిరిందంటారు, పక్కింటివారు గాలి సోకిందంటారు, ఒక్కొక్కచోట వైద్యుడు కూడా ఆందోళన పెరిగిందనుకొని మందు ఇంకా పెంచుతాడు. అప్పుడు అది మరింత ఎక్కువవుతుంది. ఇది మందువల్ల వచ్చేది, తగ్గించే ఉపాయాలు ఉన్నవి. కాని చెబితేనే గదా తెలిసేది. మనవారు ఆసుపత్రిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో మాట్లాడతారు. బజారుకూ కచేరీకీ ఆ భాష చాలును. గుండెలో గుబులుగా ఉన్నదనీ, ప్రాణం ఉసూరుమంటున్నదనీ చెప్పుకోవడానికి మాత్రం ఇంటి తెలుగే నోటికి వస్తుంది. డాక్టరు అడిగితే "పర్వాలేదు" అని లేచి వచ్చేస్తారు. అటువంటివారు ఇంటి దగ్గరే, ఏ రోజు ఏమనిపించిందో నాలుగు ముక్కలు కాగితం మీద వ్రాసుకొని, ఆ భాష బాగా వచ్చిన ఇంటివారిని వెంటబెట్టుకొని పోవడం మంచిది. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ అనే ఏర్పాటు ఒకటి ఉన్నది. 14416 నంబరుకు రాత్రిగాని పగలుగాని ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. మిద్దె మీద కూర్చున్న పిల్లవాడి తల్లికి ఈ నంబరు ఆనాడు తెలిసి ఉంటే బాగుండేదని మాకు అనిపించింది. దిగులు మందులు మొదలుపెట్టిన తొలి వారాలలో పాతికేళ్ళ లోపువారిని కాస్త కనిపెట్టి ఉండవలెనన్న మాట కూడా ఇక్కడే చెబుతున్నాము. కొందరిలో ఆ రోజులలో ప్రాణం తీసుకోవాలన్న తలపు పెరగవచ్చును.

ఉప్పు మాట ఎత్తాము గనుక నిజంగా ఉప్పుకు సంబంధించిన మందు ఒకటి చెప్పి తీరాలి. ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బుకు లిథియం ఇస్తారు. దాని గుణాన్ని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ బయటపెట్టాడు. అది పడవ కాదు, గుంజ కాదు, కణం లోపలికి పోయి పనిచేసే లవణం. రక్తంలో దాని పాలు కొంచెం తగ్గితే గుణం ఉండదు, కొంచెం పెరిగితే విషం. అందుకే మధ్య మధ్య రక్తపరీక్ష చేయించమంటారు. మూత్రపిండాలు లిథియాన్నీ, మామూలు ఉప్పునూ ఒకే తీరుగా చూస్తవి. ఒంట్లో ఉప్పు తగ్గితే, పోనివ్వకుండా పట్టి ఉంచుకునే తొందరలో లిథియాన్ని కూడా పట్టి ఉంచుకుంటవి. మన ఇళ్ళలో ఏ జబ్బుకైనా మొదట చప్పిడి పథ్యం పెడతారు గదా. లిథియం వాడే మనిషికి చప్పిడి పథ్యం పెట్టడమంటే మాత్రల మోతాదు పెంచడమే. బళ్ళారి ఎండలో చెమటలు కారి నీళ్ళు తాగకపోయినా, వాంతులు విరేచనాలు పట్టినా అంతే. కొన్ని రకాల నొప్పి మాత్రలు అంగడిలో అడిగి కొని వేసుకున్నా అంతే. చేతులు ముతకగా వణకడం, తూలడం, మాట ముద్దముద్దగా రావడం కనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

ఇక పెళ్ళిళ్ళ విషయం. దీనిని గురించి మాకు వచ్చే ఉత్తరాలలో సంతకం ఉండదు. సంబంధం కుదిరిందని పిల్లచేతనో పిల్లవాడిచేతనో మాత్రలు మాన్పించడం, లేదా అత్తవారింట్లో చీరల మడతలలో దాచిపెట్టి, దొరక్కుండా వేసుకోలేక మానుకోవడం. పెద్ద జబ్బుల మందులు మానితే జబ్బు మరునాడే రాదు. తరచు నెలలు గడిచిన తరువాత వస్తుంది. ఈ లోపల "చూడు, మందు లేకుండానే బాగున్నది" అని అందరికీ ధైర్యం వస్తుంది. మందు ఆపిన సంగతి మరుగునపడి, తప్పంతా కొత్త కోడలి జాతకం మీదకు పోతుంది. దాచడం న్యాయమా కాదా అన్నది పెద్దల మధ్య తేలవలసిన సంగతి, మా అభిప్రాయం దాచవద్దనే. మందు మాత్రం ముహూర్తాన్ని బట్టి మానేది కాదు. బిడ్డను కనదలచుకున్న ఆడపిల్లలు ముందుగానే వైద్యుడితో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది గనుక దానిని ముందే మార్పిస్తారు. అన్నీ అట్లాంటివి కావు. తెలియగానే భయపడి అన్నింటినీ పారేయడం తల్లికీ బిడ్డకూ మంచిది కాదు.

హోసూరు ఆమెతో ఇదంతా ఆనాడు చెప్పలేకపోయాము. బస్సు వేళ అయిందని వెళ్ళిపోయింది. పోయిన నెల ఆమె తమ్ముడి ద్వారా కబురు తెలిసింది. కుర్రవాడికి మళ్ళీ మందు మొదలుపెట్టారు. అయిదో వారానికి కాని తెరిపి కనిపించలేదట. ఇప్పుడు పనికి పోతున్నాడు. తండ్రి మెట్ల మీద చాప తీసి లోపల పడుకుంటున్నాడు. మందు తగ్గించే మాట వచ్చే ఏడాది చూద్దామని డాక్టరు అన్నారట. ఈ సంచిక ఒకటి విడిగా ఆమె పేర పంపుతున్నాము. పాత సంచిక ఇంకా దాచుకున్నవారు ఉంటే, ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీయవలసిందిగా కోరుతున్నాము.